నల్లగొండ, పాలమూరు నుంచి మద్రాసు సాంథోమ్ పోయి రావడం ఎలా

మద్రాసు పోయొచ్చిన మనవాళ్లలో చాలామంది సాంథోమ్ చర్చి చూశామనే చెప్తారు. తెల్లటి ఎత్తైన గోపురం, లోపల పొడుగాటి హాలు, రంగుటద్దాల కిటికీలు, గేటు ముందర ఒక ఫొటో. మరి సమాధి చూశారా అని అడిగితే, సమాధి ఎక్కడుంది అని ఎదురడుగుతారు. ఆ చర్చి కట్టిందే సమాధి కోసం. యేసుప్రభువు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమాను (ఇంగ్లిష్‌లో థామస్) పాతిపెట్టిన చోటుగా క్రైస్తవులు వందల ఏళ్లుగా నమ్మే నేల అది. సమాధి గుడి నేల కింద ఉంటుంది. దానికి దారి పెద్ద హాల్లోంచి కాదు, వెనక వైపు నుంచి. ఎవరూ చెప్పకపోతే ముందు గేటులో లోపలికి పోయి, అదే గేటులో బయటికి వచ్చేస్తాం. ఒక రాత్రి రైల్లో, ఒక పగలు ఎండలో గడిపి అసలుది వదిలేసి రావడం చాలా బాధాకరం. అందుకే కింద చెప్పే ఏర్పాట్లన్నీ సమాధికే మొదటి పొద్దు దక్కేలా చెప్తున్నాం.

పేరు దగ్గరే తప్పుతారు

చెన్నైలో ఆటో ఎక్కి "సెయింట్ థామస్ చర్చి" అంటే మూడు చోట్లలో ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మనకు కావాల్సింది మైలాపూరులో సముద్రం ఒడ్డున ఉన్న సాంథోమ్ బసిలికా (బసిలికా అంటే పోపుగారు ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి). రెండోది సెయింట్ థామస్ మౌంట్, తమిళంలో పరంగిమలై. అది విమానాశ్రయం దగ్గరి గుట్ట, సాంథోమ్ నుంచి పది కిలోమీటర్ల పైనే ఉంటుంది. మూడోది దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) వాళ్ల సెయింట్ థామస్ ఇంగ్లిష్ చర్చి. అది సాంథోమ్ హై రోడ్డు మీదే ఉండటంతో ఇంకా తికమక.

పోనీ "కేథడ్రల్" అందామంటే, కేథడ్రల్ రోడ్ అని వేరే రోడ్డుంది. అక్కడ సెయింట్ జార్జ్ కేథడ్రల్ ఉంది, 1815లో కట్టింది. సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబర్ 27న పుట్టింది అక్కడే. సి.ఎస్.ఐ. మెదక్ డయాసిస్ సంఘాల వాళ్లు సమయముంటే దాన్ని కూడా చూడాలి, కానీ అది వేరే ప్రయాణం. ఆటో డ్రైవరుకు చెప్పాల్సిన మాట ఇది: "సాంథోమ్ చర్చ్, సాంథోమ్ హై రోడ్, మైలాపూర్." ఫోన్ మ్యాపులో సాంథోమ్ బసిలికా అని వెతకండి.

రైలు, బస్సు

నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు అనువైనది 12604 నంబరు చెన్నై ఎక్స్‌ప్రెస్. బీబీనగర్ నుంచి నడికుడి లైను మీదుగా గుంటూరు, ఒంగోలు, నెల్లూరు తాకుతూ పోతుంది. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి చెన్నై సెంట్రల్‌లో ఉంటారు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ చెన్నైకి పోయేదే అయినా కాజీపేట, వరంగల్ మీదుగా పోతుంది, నల్లగొండకు రాదు. శబరి ఎక్స్‌ప్రెస్ నల్లగొండలో ఆగుతుంది గానీ గూడూరు దగ్గర రేణిగుంట వైపు తిరిగిపోతుంది. తమిళనాడు, కేరళ వైపు పోయే బండే కదా అని దాన్లో ఎక్కితే చెన్నై రాదు.

పాలమూరు, గద్వాల వైపు వాళ్లకు కాచిగూడ నుంచి చెంగల్పట్టు పోయే 17652 నంబరు ఎక్స్‌ప్రెస్ ఉంది. కర్నూలు, కడప, రేణిగుంట మీదుగా చెన్నై ఎగ్మూరుకు వస్తుంది. టికెట్ ఎగ్మూరు దాకానే తీసుకోండి. బండి పేరు చూసి చెంగల్పట్టుకు తీసుకుంటే నగరం దాటి ఇంకో యాభై కిలోమీటర్ల పైన పోయి దిగుతారు, మళ్లీ లోకల్ బండిలో వెనక్కి రావాలి. వేళలు, ఆగే స్టేషన్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు ఒకసారి చూసుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నల్లగొండ నుంచి బెర్తులు దొరక్కపోతే ఒక దారుంది. బండి బయల్దేరే స్టేషన్ నుంచి టికెట్ తీసుకుని, ఎక్కే స్టేషన్ మాత్రం నల్లగొండ అని పెట్టాలి. నాలుగు రూపాయలు ఎక్కువైనా బెర్తు దొరికే అవకాశం పెరుగుతుంది. ఎక్కే స్టేషన్ మార్చకుండా నల్లగొండలో ఎక్కితే మీ బెర్తును టి.టి.ఇ. రాలేదని రాసి వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు, అప్పుడు గొడవపడి లాభం లేదు. ఒక టికెట్ మీద ఆరుగురే పడతారు. తత్కాల్‌లో నలుగురే. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఖాతాకు ఆధార్ జత చేసి ఉండాలి. ఆ పని ముందు రోజు రాత్రి మొదలుపెడితే అందదు.

సంఘం నుంచి నలభై మంది కలిసి బస్సు మాట్లాడుకునేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. బస్సుకు తమిళనాడు పర్మిట్, పన్ను ఎవరు కడతారో ముందే కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర అర్ధరాత్రి చందాలు పోగుచేయాల్సి వస్తుంది. రెండోది, సాంథోమ్ హై రోడ్డు మీద పెద్ద బస్సు ఎక్కువసేపు ఆపనివ్వరు. జనాన్ని దింపి బస్సును దూరంగా పెట్టించుకోవాలి, ఎక్కే వేళ, ఎక్కే చోటు దిగేటప్పుడే అందరికీ చెప్పాలి. ఆ చుట్టుపక్కల మెట్రో రెండో దశ పనులు జరుగుతుండటంతో దారి మళ్లింపులు కూడా ఉంటాయి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని ఒంగోలు దగ్గర జాతీయ రహదారి ఎక్కినా 500 కిలోమీటర్లు దాటుతుంది. ముసలివాళ్లు, పిల్లలతో అయితే రైలే మేలు.

ఎప్పుడు పోవాలి

మనకు వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. చెన్నైలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. వానకాలం వరి కోతలైపోయాయి కదా అని నవంబర్‌లో టికెట్లు తీస్తే అదే తుపాన్ల నెల. నెల్లూరు, గూడూరు దగ్గర పట్టాల మీదికి నీళ్లొస్తే బండే రద్దవుతుంది. జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అన్నిటికంటే హాయి. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, అటు పొంగల్, ఇటు సంక్రాంతి, బెర్తు దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ కంటే డిగ్రీలు తక్కువే కనపడతాయి గానీ, ఆ ఉక్కపోత మనకు అలవాటు లేనిది. చెమట ఆరదు, పెద్దవాళ్లు తొందరగా సొమ్మసిల్లుతారు.

తోమా పండగ జూలై 3. పండగ చూడాలనుకుంటే అప్పుడే పోండి, పూజలు, జనం, అంతా కళకళలాడుతుంది. సమాధి దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకోవాలనుకుంటే మాత్రం పండగ రోజు కుదరదు. దానికి మంగళవారమో బుధవారమో, పొద్దున పూట మంచిది. ఆదివారం పూజ వెంట పూజ ఉంటుంది. పూజ జరుగుతుంటే హాల్లో తిరగనివ్వరు, తిరగకూడదు కూడా. సెలవు దొరికేది ఆదివారమే అయితే, పూజలో కూర్చోవడానికే పోతున్నామని మనసులో పెట్టుకుని పోండి. చూడటం తర్వాత.

సంచిలో ఏముండాలి

గుర్తింపు కార్డు, కండువా లేదా చున్నీ, గొడుగు, నీళ్ల సీసా, చిన్న తాళం. ఆ తాళం చిన్న వస్తువే గానీ చాలా ముఖ్యం. స్టేషన్ క్లోక్ రూములో తాళం వేయని బ్యాగు తీసుకోరు. తాళం పట్టే బ్యాగులోనే సామాను సర్దండి. రైలు టికెట్ కూడా చూపించమంటారు. రాత్రి బండిలోకి జొన్నరొట్టెలు, పల్లీల పొడి లాంటివి కట్టుకుంటే నిలుస్తాయి. పెరుగన్నం ఉక్కకు పులుస్తుంది. సద్ది చర్చి ఆవరణలో విప్పకండి.

బట్టల సంగతి: భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. నిక్కర్లతో వచ్చిన మగపిల్లలను గేటు దగ్గర ఆపితే వాళ్లకూ మనకూ నామోషీ.

దిగినాక

సెంట్రల్‌లో వెయిటింగ్ హాలులో ముఖం కడుక్కుని, సామాను క్లోక్ రూములో పెట్టి, రోడ్డు కింది సొరంగ దారి గుండా అవతలికి రండి. అక్కడ రెండు స్టేషన్లు పక్కపక్కనే ఉంటాయి, పేర్లు కూడా ఒకేలా ఉంటాయి. ఒకటి పార్క్, ఇంకోటి పార్క్ టౌన్. పార్క్‌లో ఆగేవి తాంబరం వైపు పోయే లోకల్ బండ్లు. మనం ఎక్కాల్సింది పార్క్ టౌన్‌లో, వేళచ్చేరి పోయే బండి. అది స్తంభాల మీద కట్టిన లైను మీదుగా పోతుంది. చింతాద్రిపేట, చేపాక్, తిరువల్లికేణి దాటగానే వచ్చే స్టేషన్ లైట్ హౌస్. బోర్డు మీద తమిళంలో కలంగరై విళక్కం అని ఉంటుంది. అక్కడ దిగండి. టికెట్ 5, 10 రూపాయల్లో అయిపోతుంది. దిగి సముద్రం వైపుకు వచ్చి, దీపస్తంభాన్ని వెనక పెట్టుకుని దక్షిణంగా సాంథోమ్ హై రోడ్డు వెంట నడిస్తే ఇరవై నిమిషాలు. నడవలేనివాళ్లకు అక్కడి నుంచి ఆటో మాట్లాడండి, సెంట్రల్ నుంచి మాట్లాడిన దానికంటే చాలా తక్కువ పడుతుంది.

ఎగ్మూరులో దిగిన పాలమూరు వాళ్లు లోకల్‌లో ఒక్క స్టేషన్ వస్తే పార్క్. అక్కడ దిగి నడిచి పార్క్ టౌన్‌కు మారాలి. నలుగురున్నారంటే ఎగ్మూరు నుంచే ఆటో తీసుకున్నా నష్టం లేదు.

ముందు సమాధి

గేటులోకి రాగానే చర్చి ముందర ఆగిపోకండి. ముందు ఆ రోజు పూజల వేళల బోర్డు చూడండి, లేదా ఆఫీసులో అడగండి. పెద్ద చర్చిలో పూజలు వేరు, కింద సమాధి గుడిలో పూజలు వేరు. పూజలు ఎక్కువగా తమిళం, ఇంగ్లిష్‌లో ఉంటాయి. సమాధి గుడిలో పూజ లేని సమయం తెలుసుకుని చర్చి పక్క నుంచి వెనక్కి పోండి. అక్కడ సమాధికి, మ్యూజియానికి వేరే ద్వారం ఉంటుంది. పైన పూజకు అడ్డం కాకుండా యాత్రికులు నేరుగా కిందికి పోయేలా ఆ దారి కట్టారు.

మెట్లు దిగితే చిన్న గుడి. పైన హాలులా గొప్పగా ఉండదు. బలిపీఠం, పడుకుని ఉన్నట్టు చెక్కిన తోమా ప్రతిమ, బెంచీలు, నిశ్శబ్దం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ముందర ఒకరు, వెనక ఒకరు ఉండి దింపండి, తొందరపెట్టొద్దు. కనీసం పావుగంట కూర్చోండి. దండం పెట్టి వెంటనే మెట్లెక్కేవాళ్లకు అక్కడేముందో తెలియదు. లోపల ఫొటో తీయొచ్చా లేదా అన్నది బోర్డు చూసి, కాపలా మనిషిని అడిగి తెలుసుకోండి. అనుమతి ఉన్నా ఫ్లాష్ వద్దు. కొవ్వొత్తులు వాటికి పెట్టిన చోటే వెలిగించాలి, సమాధి దగ్గర కాదు.

అక్కడికి పోయినవాళ్లు తరచూ అడిగేది: లోపల శరీరం ఉందా అని. గోవాలో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ అనే పాత మిషనరీ ఫాదర్ దేహాన్ని చూసినట్టే ఇక్కడా చూడొచ్చని అనుకుని వస్తారు. లేదు. క్రీస్తుశకం 52లో తోమా కేరళ తీరంలో దిగాడని, 72లో మైలాపూరు దగ్గరి గుట్ట మీద ఈటెతో పొడిచి చంపారని, శిష్యులు ఇక్కడ పాతిపెట్టారని సంప్రదాయం. ఎముకల్లో ఎక్కువ భాగాన్ని మూడో శతాబ్దంలోనే ఎడెస్సాకు (ఇప్పటి టర్కీలోని ఊరు) తీసుకుపోయారని చెప్తారు. అక్కడి నుంచి గ్రీసులోని కియోస్ దీవికి, 1258లో ఇటలీలోని ఓర్తోనాకు చేరాయి. మైలాపూరులో మిగిలింది సమాధి, ఒక చిన్న ఎముక ముక్క, ఆయన్ను చంపిందిగా నమ్మే ఈటె మొన. ఖాళీ సమాధి అని తెలిశాక కొందరి ముఖం చిన్నబోతుంది. అలా అవనక్కర్లేదు. పదమూడో శతాబ్దం చివర్లో ఇటలీ యాత్రికుడు మార్కో పోలో ఈ తీరానికి వచ్చినప్పటికే ఇక్కడికి యాత్రికులు వస్తున్నారని, సమాధి దగ్గరి మట్టిని తీసుకుపోతున్నారని రాశాడు. ఏడు వందల ఏళ్లకు పైగా మనుషులు మోకరిల్లిన నేల మీద మనమూ కూర్చుంటున్నామన్న ఎరుకే ఆ పావుగంటకు బలం.

అక్కడే మ్యూజియం. పాత చర్చి రాళ్లు, శాసనాలు, ఈటె మొన చూడొచ్చు. అరగంట చాలు. మ్యూజియం తెరవడానికి ఇంకా సమయం ఉంటే పెద్ద చర్చి చూసి మళ్లీ రండి.

తర్వాత పెద్ద చర్చి

లోపలికి పోకముందు బయట ఒక చోట నిలబడి రెండు గోపురాలు కనిపించేలా చూడండి. ఒకటి 155 అడుగుల ఎత్తైనది, అందరూ ఫొటో తీసేది. రెండోది కప్పు మీద, చర్చి మధ్యభాగంలో, చిన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. సమాధి సరిగ్గా దాని కింద ఉంటుంది. ఇందాక మీరు కూర్చున్న చోటు ఎక్కడో ఆ చిన్న గోపురం చూస్తే తెలిసిపోతుంది. పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి.

ఇప్పుడున్న కట్టడం మరీ పాతది కాదు. పోర్చుగీసువాళ్లు 1523లో ఇక్కడ చర్చి కట్టారు. 1606లో మైలాపూరు మేత్రాసనం (బిషప్ పాలించే ప్రాంతం) ఏర్పడింది. ఆ పాత చర్చిని 1893లో విప్పేసి, మేత్రాణి, అంటే బిషప్, హెన్రీక్ జోసె రీడ్ డ సిల్వ కాలంలో కెప్టెన్ పవర్ అనే ఇంజనీరు గీసిన నమూనాతో కొత్తది కట్టారు. 1896 ఏప్రిల్ 1న ప్రతిష్ఠ జరిగింది. 1956లో పన్నెండవ పియుస్ పోపుగారు బసిలికా హోదా ఇచ్చారు. రెండవ జాన్‌పాల్ పోపుగారు 1986 ఫిబ్రవరి 5న వచ్చి ప్రార్థించారు. 2006లో జాతీయ పుణ్యక్షేత్రంగా ప్రకటించారు. అపొస్తలుని, అంటే యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరి, సమాధి మీద కట్టిన బసిలికాలు ప్రపంచంలో మూడే అని చెప్తారు: రోములో పేతురుది, స్పెయిన్‌లో యాకోబుది, ఇది.

లోపల తల ఎత్తి బలిపీఠం వైపు రంగుటద్దాల కిటికీ చూడండి. తిరిగి లేచిన క్రీస్తు గాయాలను తోమా తాకుతున్న దృశ్యం. ఊళ్లో బయల్దేరకముందే యోహాను సువార్త 20వ అధ్యాయం 24 నుంచి 29 వచనాలు చదువుకుని వస్తే, ఆ కిటికీ ముందర ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. రంగుటద్దాలు ఎండ బాగా వచ్చాకే వెలుగుతాయి, మబ్బు పట్టిన రోజు వెలవెలబోతాయి. ఇంకోటి మైలాపూరు మాత (మరియమ్మ) స్వరూపం. మూడడుగుల కర్ర బొమ్మ, 1543లో పోర్చుగల్ నుంచి వచ్చింది. 1545లో ఫ్రాన్సిస్ జేవియర్ ఇక్కడ కొన్ని నెలలుండి ఈ స్వరూపం ముందే ప్రార్థించేవాడంటారు. చిన్నది కాబట్టి చూపు ఆనకుండా దాటిపోతారు.

ఏ సంఘం వాళ్లు ఎలా మసలుకోవాలి

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన వైపు క్రైస్తవుల్లో కతోలికులతో పాటు రకరకాల సంఘాలున్నాయి. నల్లగొండ చుట్టుపక్కల బాప్టిస్టు మిషన్ సంఘాలు, పాలమూరు, గద్వాల, వనపర్తి, దేవరకొండ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు పాతవి. ఆ సంఘాల్లో స్వరూపాలు, సాంబ్రాణి, సమాధి దగ్గర మొక్కడం అలవాటు లేదు. అక్కడికి పోయాక "ఇది తగునా" అని వాదన పెట్టుకోవడం, పక్కవాళ్లు మొక్కుతుంటే చూసి గుసగుసలాడటం బాగుండదు. మొక్కమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. బెంచీ మీద కూర్చుని మీ పద్ధతిలో ప్రార్థన చేసుకోవచ్చు.

దివ్యబలి పూజలో ఉన్నప్పుడు అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. మోకరించలేకపోతే కూర్చునే ఉండొచ్చు. బెంచీ ముందరి మోకాలు పలక మీద కాళ్లు పెట్టకండి. దివ్యసత్ప్రసాదం (పూజలో ఫాదర్ ఇచ్చే పవిత్ర అప్పం) కోసం వరుస కట్టేది కతోలికులు, అదీ సిద్ధపడి ఉన్నవాళ్లు మాత్రమే. మన ఊళ్లో ప్రభు బల్లలో పాలుపొందుతాం కదా అని వరుసలో నిలబడకండి. ఫాదర్ దగ్గరికి పోయాక చెయ్యి చాపి, తీసుకోవాలో వద్దో తెలియక తడబడితే ఇద్దరికీ ఇబ్బంది. తెలియకుండా చేతిలో పెట్టించుకుని జేబులో వేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. కతోలికులకు అది క్రీస్తు శరీరమే. మీరు బెంచీలోనే కూర్చుని పక్కవాళ్లకు దారివ్వండి.

కతోలికులు సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్లు, మందులు పర్వాలేదు. రైలు దిగి టిఫిన్ చేసి నేరుగా పూజకు పోదామనుకునేవాళ్లు ఈ గంట లెక్క చూసుకోవాలి. భాష తమిళమైనా పూజ క్రమం మన ఊళ్లోదే కాబట్టి ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

హిందూ కుటుంబాలు కూడా మొక్కుకుని వస్తుంటాయి, ఎవరూ అడ్డుచెప్పరు. కొబ్బరికాయ కొట్టడం, కుంకుమ పెట్టడం మాత్రం వద్దు. పూలదండ, కొవ్వొత్తి చాలు. ద్వారం దగ్గర తొట్టిలో ఉన్నది తీర్థజలం, వేలు ముంచి నుదుటిమీద సిలువ గుర్తు వేసుకోవడానికి. పిల్లలు ఆడుకోకుండా, తాగకుండా చూసుకోండి. చెప్పులు అక్కడివాళ్లు ఎక్కడ వదులుతుంటే అక్కడ వదలండి.

సముద్రం వైపు కొయ్య

చర్చి వెనక సముద్రం వైపు పోతే తోమా కొయ్య అనే స్తంభం ఉంటుంది. కొట్టుకొచ్చిన దుంగను ఏనుగులు కదపలేకపోతే తోమా తన నడికట్టుతో లాగి ఒడ్డున నాటాడని, సముద్రం దాన్ని దాటి రాదని కథ. 2004 డిసెంబర్ 26 సునామీలో నీళ్లు చర్చిలోకి రాలేదని అక్కడివాళ్లు దీన్నే చూపిస్తారు. పది నిమిషాల పని. ఒడ్డున నీళ్లలోకి దిగకండి, పిల్లలను అసలే దింపకండి. ఆ తీరంలో అలలు లోపలికి లాగుతాయి, చెరువుల్లో ఈత నేర్చిన మనవాళ్లకు ఆ లాగుడు తెలియదు.

గుట్టలు రెండు, సమయం ఒకదానికే

నల్లగొండ వైపు వచ్చే 12603 బండి సెంట్రల్ నుంచి సాయంత్రం 4, 5 గంటల మధ్యే బయల్దేరుతుంది. తెల్లవారి దిగి అదే రోజు తిరుగు బండి ఎక్కాలంటే చేతిలో ఉండేది పది గంటలు. దాంట్లో సాంథోమ్‌తో పాటు ఒక్క గుట్ట పడుతుంది. రెండూ పెట్టుకుంటే బండి తప్పుతుంది.

చిన్నమలై (ఇంగ్లిష్‌లో లిటిల్ మౌంట్) సైదాపేట దగ్గరిది, చిన్న గుట్ట. తోమా దాక్కున్నాడని చెప్పే గుహ, ఎండిపోదని చెప్పే ఊట, 1551 నాటి చర్చి ఉన్నాయి. లిటిల్ మౌంట్ మెట్రో స్టేషన్ దగ్గర్లోనే. గుహ ద్వారం ఇరుకు, వంగి పోవాలి. పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్న గుంపుకు ఇదే మంచిది.

పరంగిమలై, అంటే పెద్ద గుట్ట, తోమా ప్రాణం వదిలిన చోటుగా చెప్తారు. వందకు పైగా మెట్లు. మెట్లు ఎక్కలేనివాళ్లకు వాహనాలు పైకి పోయే రోడ్డుంది, ఆటోను పైదాకా మాట్లాడుకోవాలి, కింద దింపేస్తే మళ్లీ మాట్లాడాల్సి వస్తుంది. పైన 1523లో కట్టిన చిన్న చర్చి. బలిపీఠం వెనక గోడలో రాతి సిలువ ఉంది, 1547లో తవ్వుతుంటే బయటపడింది, చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియన్ లిపిలో చెక్కిన అక్షరాలున్నాయి. 1558 నుంచి 1704 దాకా పలుమార్లు ఆ సిలువకు నెత్తురు చెమర్చిందని రాసుకున్నారు. చర్చి చిన్నది, సిలువ వెనక్కి ఉంటుంది. అడిగి దగ్గరికి పోయి చూడండి. ఒక గుట్టే చూడగలమంటే, నడవగలిగినవాళ్లు దీన్నే ఎంచుకోవాలని మా మాట. సమాధి చూసినవాళ్లు ఆ మరణం జరిగిన చోటు కూడా చూడాలి కదా.

ఒక రాత్రి ఉండగలిగితే రెండు గుట్టలూ కలిపి రెండో రోజు పొద్దున పెట్టుకోండి. చిన్నమలై చూసి, లిటిల్ మౌంట్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి ఆలందూర్‌లో గ్రీన్ లైనుకు మారితే తర్వాతి స్టేషనే సెయింట్ థామస్ మౌంట్. అక్కడి నుంచి గుట్టకు ఆటో. ఎనిమిదికి మొదలుపెడితే ఎండ ముదరకముందే అయిపోతుంది. ఉండటానికి చోటు కావాలంటే బయల్దేరేముందు మీ విచారణ గురువులను, అంటే మీ చర్చి ఫాదర్‌ను, అడగండి. వాళ్ల చేతి ఉత్తరం ఉంటే చర్చి వాళ్ల వసతి గృహాల్లో మాట్లాడటం సులువు.

తిరుగు ప్రయాణం

పరంగిమలై నుంచి సెంట్రల్‌కు గ్రీన్ లైన్ మెట్రో నేరుగా వస్తుంది, దిగి పైకొస్తే స్టేషనే. రోడ్డు మీద ఆటోను నమ్ముకుంటే సైదాపేట, గిండీ దగ్గర ఎంతసేపు ఆగుతామో చెప్పలేం. బండికి గంటన్నర ముందే గుట్ట దిగండి. క్లోక్ రూము దగ్గర వరుస ఉంటుంది, దానికి అరగంట పెట్టుకోండి. రసీదు పోగొట్టుకుంటే బ్యాగు మీదేనని రాసిచ్చి, గుర్తింపు చూపించి తెచ్చుకునేసరికి బండి కదిలిపోతుంది. అందుకే రసీదును దిగిన వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి గుంపులో ఇంకొకరికి పంపండి. రాత్రి భోజనం సెంట్రల్‌లోనే కట్టించుకుని ఎక్కితే గూడూరు దాకా ఎదురుచూడక్కర్లేదు. నల్లగొండలో బండి ఆగేది కాసేపే, అదీ ఇంకా తెల్లవారని వేళ. మిర్యాలగూడ దాటగానే మోగేలా అలారం పెట్టుకుని, పెద్దవాళ్లను ముందే లేపి సామాను తలుపు దగ్గరికి చేర్చుకోండి.